పి.హెచ్‌.డి. లేని సముద్ర శాస్త్రవేత్త – రేచల్ కార్సన్



శాస్త్రవేత్త అనగానే మనకు పెద్ద ప్రయోగశాల, విదేశీ యూనివర్సిటీ, పేరుకు ముందు డాక్టర్ అనే మాట గుర్తుకొస్తాయి. పేరుకు ముందు ఆ మాట లేకుండానే, ఇంటి బరువంతా మోస్తూ, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ ప్రపంచానికి సముద్రాన్ని పరిచయం చేసిన మహిళ రేచల్ కార్సన్. పురుగుమందుల ప్రమాదం గురించి రాసిన రచయిత్రిగా ఆమె చాలామందికి తెలుసు. కానీ ఆమె జీవితంలో ఎక్కువ భాగం సముద్రం, తీరాల అధ్యయనంలోనే గడిచింది.

రేచల్ 1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. ముగ్గురు పిల్లల్లో ఆమె ఆఖరి సంతానం. ఆ ఊరికి సముద్రం చాలా దూరం. కొంత పొలం ఉన్నా చేతిలో డబ్బు ఆడేది కాదు. తల్లి మరియా ఆమెను తోటల్లో తిప్పుతూ పక్షులను, పురుగులను, మొక్కలను చూపించేవారు. చిన్నప్పటి నుంచీ పుస్తకాలంటే రేచల్‌కు ప్రాణం. పదకొండేళ్లకే ఒక పిల్లల పత్రికలో ఆమె కథ అచ్చయింది.

1925లో పిట్స్‌బర్గ్‌లోని మహిళా కళాశాలలో చేరారు. స్కాలర్‌షిప్ వచ్చినా ఫీజుకు చాలలేదు. తల్లి పియానో పాఠాలు చెప్పి, ఇంట్లోని పింగాణీ సామాను అమ్మి డబ్బు సర్దారు. ఇంట్లో వస్తువు అమ్మి ఫీజు కట్టడమంటే ఏమిటో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రచయిత్రి కావాలని ఇంగ్లీషు సాహిత్యంలో చేరిన రేచల్, మేరీ స్కింకర్ అనే అధ్యాపకురాలి పాఠాలు విని జీవశాస్త్రంలోకి మారారు. 1929లో మంచి మార్కులతో పట్టా అందుకున్నారు. ఆ వేసవిలోనే వుడ్స్ హోల్ అనే చోట ఉన్న సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు వెళ్లే అవకాశం వచ్చింది. జీవితంలో మొదటిసారి సముద్రాన్ని ఆమె అక్కడే చూశారు. అప్పటికి ఆమె వయసు 22 ఏళ్లు.

తరువాత జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో చేరి 1932లో జంతుశాస్త్రంలో మాస్టర్స్ పూర్తి చేశారు. డాక్టరేట్ చేయాలన్నది ఆమె కోరిక. కానీ అవి అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులు. ఇంటివాళ్లంతా ఆమె దగ్గరకే వచ్చి ఉంటున్నారు. చిన్న చిన్న ఉద్యోగాలతో ఇల్లు గడవక 1934లో పరిశోధన మానుకున్నారు. 1935లో తండ్రి చనిపోయారు. 1937లో అక్క కూడా మరణించడంతో ఆమె ఇద్దరు ఆడపిల్లల పోషణ రేచల్, ఆమె తల్లి మీద పడింది.

మన హాస్టళ్ల నుంచి వెళ్లినవారిలో కూడా పి.జి. సీటు వచ్చి చేరలేనివారు, పరిశోధన మొదలుపెట్టి మధ్యలో ఉద్యోగానికి వెళ్లినవారు ఎంతోమంది ఉన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఇంకా చదవాలా, ఉద్యోగం వెతుక్కోవాలా అనే ప్రశ్న నాకూ రోజూ ఎదురవుతుంది. అందుకే 1934 తరువాత రేచల్ ఏం చేశారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది.

1935లో అమెరికా మత్స్యశాఖ సముద్ర జీవుల గురించి రేడియో కార్యక్రమాలు తయారు చేస్తోంది. ఒక్కొక్కటి 7 నిమిషాల చొప్పున 52 భాగాలు. సైన్సు తెలిసినవారికి రాయడం రాలేదు, రాయడం వచ్చినవారికి సైన్సు తెలియదు. రేచల్‌కు రెండూ తెలుసు. తాత్కాలిక పద్ధతిలో ఆ పని ఆమెకు దొరికింది. మరుసటి ఏడాది ప్రభుత్వ పోటీ పరీక్ష రాసి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. ఆ శాఖలో శాస్త్ర సంబంధమైన పూర్తికాలపు ఉద్యోగం పొందిన రెండో మహిళ ఆమె.

ఆఫీసులో ఆమె పని చేపల లెక్కలు చూడటం, శాస్త్రవేత్తల నివేదికలు సరిదిద్దడం, ప్రజలకు అర్థమయ్యే కరపత్రాలు రాయడం. చాలామంది ఇలాంటి పనిని గుమాస్తా పని అనుకుంటారు. రేచల్‌కు అదే యూనివర్సిటీ అయింది. దేశంలో సముద్రం మీద జరుగుతున్న పరిశోధన ఆమె బల్ల మీదకు వచ్చేది. పగలు ఉద్యోగం, రాత్రి రచన. 1941లో తొలి పుస్తకం వచ్చింది. కొద్ది వారాలకే అమెరికా యుద్ధంలోకి దిగడంతో దాన్ని పట్టించుకున్నవారు లేరు. రెండు వేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదు. అయినా ఆమె రాయడం మానలేదు. పదేళ్ల తరువాత 1951లో వచ్చిన ‘ద సీ అరౌండ్ అస్’ పుస్తకం 86 వారాల పాటు అమ్మకాల జాబితాలో నిలిచింది. ఆ ఆదాయంతో 1952లో ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తిగా తీరాల అధ్యయనానికే అంకితమయ్యారు.

1955లో వచ్చిన ‘ద ఎడ్జ్ ఆఫ్ ద సీ’ పుస్తకంలో రాతి తీరం, ఇసుక తీరం, పగడాల తీరం అని మూడు రకాల తీరాలను ఆమె వివరించారు. దానికోసం గంటల తరబడి చల్లటి నీళ్లలో నిలబడి చిన్న చిన్న ప్రాణులను పరిశీలించేవారు. ఫ్లోరిడా దీవుల దగ్గరి మడ అడవుల గురించి కూడా అందులో రాశారు. అక్కడి ఎర్ర మడ చెట్టు గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. ఆ మొలక నీటిలో పడి నెలల తరబడి తేలుతూ పోయి, లోతు తక్కువ చోట నేల తగిలితే వేళ్లూనుకుంటుంది. వంపు తిరిగిన ఊతవేళ్ల మధ్య బురద, గవ్వలు, కొట్టుకొచ్చిన చెత్త చేరి క్రమంగా నేల పెరుగుతుంది. ఆ వేళ్ల నీడలో చేపపిల్లలు, రొయ్యలు, పీతలు పెరుగుతాయి. ఈ చెట్టుకు దగ్గరి జాతులు మన కాకినాడ దగ్గర కోరింగలో కూడా ఉన్నాయి. వాటిని మనవాళ్లు ఉప్పు పొన్న అంటారు. తుఫాను అలల ఉధృతిని తగ్గించేది, జాలరికి చేప దొరికేలా చేసేది ఆ అడవే.

అప్పటికే డి.డి.టి. వంటి మందులను విమానాలతో చల్లడం అమెరికాలో మామూలైంది. 1958లో మసాచుసెట్స్ నుంచి ఒక స్నేహితురాలి ఉత్తరం అందింది. దోమల మందు చల్లాక తమ ఇంటి చుట్టూ పక్షులు చచ్చిపోయాయని అందులో ఉంది. రేచల్ నాలుగేళ్లు సమాచారం సేకరించారు. 1955లో ఫ్లోరిడాలోని సెయింట్ లూసీ కౌంటీలో ఇసుక ఈగలను చంపడానికి 2,000 ఎకరాల ఉప్పునీటి చిత్తడి నేలల్లో డీల్‌డ్రిన్ అనే మందు చల్లారు. కనీసం 30 జాతులకు చెందిన దాదాపు 11,75,000 చేపలు చచ్చిపోయాయి. పీతలు కూడా తుడిచిపెట్టుకుపోయాయి. తీరంలో చేపపిల్లలు పెరిగే చోటు పాడైతే సముద్రంలో చేప ఉండదని ఆమె హెచ్చరించారు. 1962లో ఇవన్నీ ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంగా వచ్చాయి. నిశ్శబ్ద వసంతం అని దాని అర్థం. ఆధారాల జాబితాయే 50 పేజీలకు పైగా ఉంది.

మందుల కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. డాక్టరేట్ లేదన్నారు, పెళ్లి కాని ఆడమనిషికి ఇవన్నీ ఎందుకన్నారు. నిజానికి ఆమె మందులన్నీ మానేయాలని చెప్పలేదు. తెలుసుకోకుండా, అవసరానికి మించి చల్లవద్దన్నారు. 1963లో అధ్యక్షుడు కెనడీ నియమించిన శాస్త్రవేత్తల సంఘం ఆమె వాదనను చాలావరకు సమర్థించింది. ఆ రోజుల్లోనే ఆమె రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. చికిత్స పొందుతూనే, జబ్బు సంగతి బయటకు తెలియనివ్వకుండా, సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. చనిపోయిన అక్క కూతురి కొడుకును దత్తత తీసుకుని పెంచుతున్నది కూడా ఆ రోజుల్లోనే. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

1970లో అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అక్కడ పంటలకు డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. 1980లో ఆ దేశ అత్యున్నత పౌర పురస్కారం మరణానంతరం ఆమెకు ఇచ్చారు. మెయిన్ రాష్ట్రంలోని ఉప్పునీటి చిత్తడి నేలల అభయారణ్యం ఆమె పేరు మీదే ఉంది.

మిత్రులారా! ఇంటి పరిస్థితి వల్ల చదువు ఆపాల్సి రావడం ఎవరి తప్పూ కాదు. ఆపాల్సి వచ్చినా, చేతికొచ్చిన ఉద్యోగంలోనే చదువును కొనసాగించవచ్చని రేచల్ నిరూపించారు. మనలో సముద్రం పక్క ఊళ్ల నుంచి, కాలువల పక్క ఊళ్ల నుంచి వచ్చినవారు ఉన్నారు. ఏ నెలలో ఏ చేప వస్తుందో, ఏ మందు కొట్టాక కాలువలో ఏం జరిగిందో మన పెద్దవాళ్లకు తెలుసు. వాళ్లను అడిగి ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. దానికి సీటు అక్కరలేదు, ఫీజు అక్కరలేదు. చూసింది ఉన్నది ఉన్నట్టు, అందరికీ అర్థమయ్యేట్టు రాయడమే రేచల్ జీవితమంతా చేసిన పని.

– ఎం.ఎస్సీ. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి