యుద్ధంలోనూ హద్దు మీరని అమీర్ అబ్దుల్ ఖాదిర్ (రహ్మలై)

చేతికి చిక్కిన శత్రువు పట్ల ఎలా మసలుకోవాలి? ఈ ప్రశ్నకు ఇస్లాం ఆదిలోనే జవాబిచ్చింది. ఖైదీలకు అన్నం పెట్టేవారిని దివ్య ఖుర్ఆన్ దహ్ర్ సూరాలో ప్రశంసించింది. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని హజ్రత్ అబూబక్ర్ (రజి) తమ సేనలను ఆదేశించారు. యుద్ధంలో గాయపడిన సైనికుల రక్షణ కోసం దేశాలు జెనీవాలో మొదటి ఒప్పందం చేసుకున్నది 1864లో. అంతకు రెండు దశాబ్దాల ముందే ఈ బోధనలను యుద్ధరంగంలో ఆచరించి చూపిన ఒక మహనీయుణ్ణి మనం ఇక్కడ స్మరించుకుందాం.

అమీర్ అబ్దుల్ ఖాదిర్ 1808లో అల్జీరియాలోని మస్కరా పట్టణం దగ్గర, ఖాదిరియా సిల్సిలాకు చెందిన ధార్మిక కుటుంబంలో జన్మించారు. యుక్తవయస్సులోనే తండ్రితోపాటు హజ్ చేశారు. 1830లో ఫ్రెంచి సేనలు అల్జీర్స్‌ను ఆక్రమించాయి. 1832లో పలు తెగలవారు ఆయన చేతిపై బైఅత్ చేశారు. అప్పటికి ఆయన వయస్సు 24 ఏళ్లే.

ఆ రోజుల్లో శత్రువుల తలలు నరికి తెచ్చి బహుమానం పొందే ఆచారం ఉండేది. అమీర్ దాన్ని నిషేధించారు. శత్రు సైనికుణ్ణి ప్రాణాలతో తెచ్చినవారికే బహుమానమని, ఖైదీని హింసిస్తే శిక్ష తప్పదని శాసించారు. మహిళా ఖైదీల బాగోగులు ఆయన తల్లిగారు స్వయంగా చూసుకునేవారు. 1841లో అల్జీర్స్ బిషప్ ద్వారా ఖైదీల మార్పిడి జరిగింది. అవతలి పక్షం మాత్రం 1845లో దహ్రా గుహల్లో తలదాచుకున్న వందలాది మందిని, స్త్రీలు పిల్లలు సహా, పొగపెట్టి చంపింది.

అయితే ఒక చేదు నిజాన్ని మనం దాచకూడదు. 1846లో అమీర్ దూరంగా ఉన్న సమయంలో ఆయన శిబిరంలోని ఫ్రెంచి ఖైదీలు చాలామంది వధించబడ్డారు. ఆజ్ఞ ఎవరిదన్న విషయంలో చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. నాయకుడు ఎంత మంచి శాసనం చేసినా అనుచరుల హృదయాల్లో దైవభీతి లేకపోతే అది నిలవదని ఈ ఘటన మనకు చెబుతోంది.

1847 డిసెంబరులో అమీర్ ఆయుధాలు విడిచారు. తూర్పు దేశాలకు పంపుతామన్న మాట తప్పి ఫ్రాన్సు ఆయనను 1852 వరకు నిర్బంధించింది. విడుదలయ్యాక 1855లో డమాస్కస్ చేరి విద్యాబోధనలో, ఆరాధనలో గడిపారు.

1860 జూలైలో ఆ నగరంలో క్రైస్తవులపై దాడులు చెలరేగాయి. దాడి చేస్తున్నవారు తన మతస్థులే. ప్రాణభయంతో పరుగెడుతున్న వారిలో తనను చెరపట్టిన ఫ్రాన్సు దేశస్థులూ ఉన్నారు. అమీర్ తన అల్జీరియా సహచరులతో వీధుల్లోకి వెళ్లి వారిని ఇంటికి తెచ్చారు. ఇల్లు చాలక కోటకు చేర్చారు. వారిని అప్పగించమని గుంపు వస్తే గుమ్మంలో నిలిచి తిరస్కరించారు. వేలాది ప్రాణాలు దక్కాయి. పలు దేశాల ప్రభుత్వాలు ఆయనను సన్మానించాయి. కాకసస్ యోధుడు ఇమామ్ షామిల్ అభినందిస్తూ లేఖ రాశారు. తాను చేసింది షరీఅత్, మానవత్వం విధించిన బాధ్యత మాత్రమేనని అమీర్ భావించారు.

1883లో ఆయన డమాస్కస్‌లో పరమపదించారు. 1966లో ఆయన అవశేషాలను స్వతంత్ర అల్జీరియాకు తరలించారు.

మనవారి దౌర్జన్యాన్ని మనమే అడ్డుకోవడం పరాయి శత్రువుతో పోరాడటం కన్నా కష్టం. కోపంలోనూ న్యాయం తప్పని మనసును అల్లాహ్ మనకు, మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.