వీరభద్ర విజయము – పోతనామాత్యుడు

దక్షయజ్ఞ ధ్వంసమును నాలుగాశ్వాసములలో వర్ణించిన వీరభద్ర విజయము మనకు మిక్కిలి ప్రియమైన గ్రంథము. దాని కర్త భాగవతమును రచించిన బమ్మెర పోతనయేనా, మరియొక పోతనయా యను వివాదము పండితులలో చిరకాలముగా నున్నది. దీనిని విచారించుటకు ముందు ఆ మహనీయుని జీవితమును స్మరించుట యుక్తము.

పోతన 15వ శతాబ్దివాడు. కేసనమంత్రి, లక్కసాని ఆయన తల్లిదండ్రులు, తిప్పన అన్న. తండ్రి శైవధర్మనిష్ఠుడు. జన్మస్థలము నేటి జనగామ జిల్లాలోని బమ్మెర యని కొందరు, కడప జిల్లాలోని ఒంటిమిట్ట యని మరికొందరు వాదించిరి. రాజాశ్రయము కోరక సేద్యముతో జీవించెనని సంప్రదాయము చెప్పుచున్నది. అదియే గదా కాయకము!

చంద్రగ్రహణమునాడు గంగలో స్నానమాడి, ఇసుకతిన్నెపై మహేశ్వరుని ధ్యానించుచుండగా శ్రీరాముడు సాక్షాత్కరించి భాగవతమును తెనిగింపుమనెనని పోతన స్వయముగా చెప్పుకొనెను. గోదావరినే గంగ యని పిలుచు మన మెండోర ప్రాంతమువారికి ఈ ఘట్టము మరింత ఆత్మీయము. ధ్యానించినది శివుని, దర్శించినది రాముని; ఆయనకు భేదభావము లేదు.

ఇక వివాదము. వీరభద్ర విజయమున శైలి పరిణతి చెందలేదనియు, వ్యాకరణ దోషములున్నవనియు, కావున ఇది భాగవతకర్తది కాదనియు ఒక పక్షము. ఆశ్వాసాంత గద్యములలో కవి తాను కేసన పుత్రుడైన పోతన ననియు, ఇవటూరి సోమనారాధ్యుని శిష్యుడ ననియు చెప్పుకొనెను గాన, ఇది ఆయన తొలినాటి రచన యని రెండవ పక్షము. భాగవత గద్యములలోను ఆయన తన కవిత్వము పరమేశ్వర కరుణాలబ్ధమనియే చెప్పెను. తొలి రచనలో లోపములుండుట వింత గాదు. కావున రెండవ పక్షమే బలమైనదని నా అభిప్రాయము.

అయినను ఈ గ్రంథమును చూపి పోతనను మనవాడని లాగుకొనుట తగదు. వైష్ణవ కథ చెప్పినవాడు శైవగ్రంథము వ్రాయడని త్రోసివేయుటయు తగదు. రెండును సత్యమును విడిచి మతాభిమానమును పట్టుకొనుటయే.

భాగవతమున పంచమ స్కంధమును గంగన, షష్ఠమును సింగన, ఏకాదశ ద్వాదశములను నారయ పూరించిరి. వారు తమ రచనను గురుతుల్యుని పేర చలామణి చేయక, తమ భాగమునకు తమ పేరే వ్రాసికొనిరి. ఎవరి కృషి వారిదని యొప్పుకొనుటయే ధర్మము.

బసవేశ్వరుడు తన వచనములను కూడలసంగమదేవుని అంకితముతో ముగించెను. పోతన తన భాగవతమును నరులకీయక శ్రీరామునకు సమర్పించెను. కర్త యెవరని విచారించుట పండితధర్మము. ఆ విచారణలో అహంకారమును చేరనీయకుండుట శరణధర్మము.