తుర్రెబాజ్ ఖాన్: తూప్రాన్ దారిలో ఒక స్మరణ

భిలాయి ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగువారు రోడ్డు మార్గాన స్వస్థలాలకు బయలుదేరితే నాగపూర్, ఆదిలాబాద్, నిర్మల్ దాటి హైదరాబాదు చేరుకుంటారు. నగరం ఇంకా యాభై కిలోమీటర్లకు పైగా ఉందనగా తూప్రాన్ వస్తుంది. 1857 తిరుగుబాటులో హైదరాబాదు ప్రజలను ముందుండి నడిపిన తుర్రెబాజ్ ఖాన్ నేలకొరిగింది ఈ ప్రాంతంలోనే. ఆ సంగతి ఎరిగిన బాటసారి మతమేదైనా, ఇక్కడ ఒక్క క్షణం మౌనంగా తల వంచుతాడు.

తుర్రెబాజ్ ఖాన్ బేగంబజారుకు చెందిన రోహిల్లా యోధుడు. తోటి భారతీయులపై పోరాడేందుకు ఢిల్లీకి వెళ్లబోమని ఎదురుతిరిగిన జమాదారు చీదా ఖాన్, కొద్దిమంది అనుచరులతో హైదరాబాదు వచ్చాడు. నిజాం ప్రధాని మొదటి సాలార్ జంగ్ అతనిని బంధించి బ్రిటిష్ రెసిడెంటుకు అప్పగించాడు. నగరం ఉడికిపోయింది. 1857 జులై 17, శుక్రవారం సాయంత్రం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ సుమారు 500 మందితో కోఠీలోని రెసిడెన్సీని ముట్టడించారు.

సాలార్ జంగ్ ముందే కబురు పంపినందున ఆంగ్లేయులు ఫిరంగులతో సిద్ధంగా ఉన్నారు. రెసిడెన్సీ గోడకు ఎదురుగా ఉన్న ఇళ్లలో చేరిన తిరుగుబాటుదారులు రాత్రంతా పోరాడి, తెల్లవారుతుండగా వెనుదిరిగారు.

అనంతరం పట్టుబడిన తుర్రెబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష పడింది. అండమానుకు తరలించకముందే, 1859 జనవరి 18న ఆయన చెర నుంచి తప్పించుకున్నాడు. ప్రభుత్వం ఆయన తలపై 5,000 రూపాయల బహుమతి ప్రకటించింది. ఆరు రోజులకే, జనవరి 24న, తూప్రాన్ సమీపంలో ఆయనను కాల్చి చంపారు. అంతటితో ఆగక మృతదేహాన్ని నగరానికి తెచ్చి బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్ అండమాన్‌లోనే కన్నుమూశాడు.

భిలాయి వాసికి ఈ గాథ పరాయిది కాదు. పొరుగునే ఉన్న రాయపూర్‌లో, 1857 డిసెంబరు 10న, కరవు వేళ ధాన్యాన్ని ఆకలిగొన్నవారికి పంచిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ను ఆంగ్లేయులు ఉరితీశారు. తుర్రెబాజ్ ఖాన్ మరణించి నూరేళ్లు నిండిన కొద్ది రోజులకే, 1959 ఫిబ్రవరి 4న, భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైంది.

నాటి రెసిడెన్సీ నేడు ఆడపిల్లలు చదువుకునే విద్యాలయం. దాని చెంతనే ఒక వీధి తుర్రెబాజ్ ఖాన్ పేరును నిలుపుకుంది. జనాన్ని భయపెట్టేందుకు ఏ దేహాన్ని వేలాడదీశారో, ఆ మనిషి పేరునే నగరం నేటికీ తలచుకుంటోంది.