కేరీ గారి ఇంటి పిల్లలు

ధ్యాన భాగము: నిర్గమకాండము 18:1–24



యిత్రో తన అల్లుడైన మోషేను చూచుటకు అరణ్యమునకు వచ్చినప్పుడు ఒంటరిగా రాలేదు. మోషే భార్యయైన సిప్పోరాను, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని వచ్చెను. మరునాడు మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు జనుల తగవులు తీర్చుచు కూర్చుండుట ఆ పెద్దాయన చూచెను, చూచి ఊరకుండలేదు. ఈ భారము ఒక్కని వలన కాదని, నమ్మకమైన మనుష్యులతో పంచుకొనవలెనని అల్లునికి బుద్ధి చెప్పెను. ఈ అధ్యాయమును మేము పలుమారులు చదివితిమి. సంఘ పెద్దలను ఏర్పరచు దినములలో దీని మీద ప్రసంగించితిమి. అయితే ఆ దినమున మోషే పిల్లలిద్దరును పాళెములోనే యుండిరన్న సంగతి మాకు ఎన్నడును తట్టలేదు.

మా యింట జరిగిన ఒక చిన్న సంగతి మా కన్నులు తెరిపించెను. ఒక వేసవిలో మేము వరుసగా పొరుగు గ్రామములలో కూటములు జరుపుచుంటిమి. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరువేళకు పిల్లలు నిద్రపోవుచుండిరి. తెల్లవారగనే మరల బయలుదేరుచుంటిమి. ఒకనాటి ఉదయము మేము చెప్పులు తొడుగుకొనుచుండగా మూడేండ్ల మా చిన్నవాడు గొడుగు తెచ్చి చేతికిచ్చి, చుట్టములను సాగనంపినట్లు రెండు చేతులు జోడించి, మరల రండని చెప్పెను. వాని తల్లి మా వంక చూచి ఏమియు అనలేదు. ఆ దినమంతయు మా ప్రసంగము మాకే చప్పగా నుండెను.

ఆ దినములలోనే విలియం కేరీ గారి జీవితమును మరల చదివితిమి. సెమినరీలో చదువుకొన్నప్పుడు ఆయన చేసిన గొప్ప పనులను కంఠపాఠము చేసితిమి. మన భాషకును ఆయన మేలు చేసినవాడే. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. 1818లో సేరంపూరు ముద్రాక్షరశాల నుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఈ పనులు జరుగుచుండగా ఆయన ఇంటిలో పిల్లలు ఎట్లు పెరిగిరో ఈసారి వెదకి చదివితిమి. అది మీకును చెప్పుచున్నాము.

కేరీ గారు 1761లో ఇంగ్లాండులోని పాలర్స్‌పరి అను గ్రామములో ఒక నేతగాని ఇంట పుట్టెను. బాల్యములోనే చెప్పులు కుట్టు పని నేర్చుకొనెను. 1781లో డొరొతి అను యువతిని వివాహమాడెను. ఆమెకు చదువు రాదు. వివాహపు పుస్తకములో గుర్తు మాత్రమే పెట్టెను. వారి మొదటి కుమార్తె రెండేండ్లు నిండకమునుపే జ్వరముతో చనిపోయెను. తరువాత పుట్టిన ఇంకొక ఆడబిడ్డయు దక్కలేదు. మౌల్టన్ అను ఊరిలో కేరీ గారు పాఠశాల నడుపుచు, చెప్పులు కుట్టుచు, సంఘమును కాయుచు, మిగిలిన వేళలో భాషలు నేర్చుకొనుచుండెను. ఒక మనిషి ఇన్ని పనులు చేయుచుండగా వంట, పిల్లలు, లేమి ఎవరి పాలబడునో మన గ్రామముల స్త్రీలకు మేము చెప్పనక్కరలేదు.

1792లో మిషను సంఘము ఏర్పడెను. మరుసటి ఏట కేరీ గారు ఇండియాకు వచ్చుటకు సిద్ధపడినప్పుడు డొరొతమ్మ రానని చెప్పెను. ఆమెకు ముగ్గురు చిన్న కుమారులుండిరి. నాలుగవ బిడ్డ కడుపులో నుండెను. ఆమెను అవిశ్వాసురాలని కొందరు నిందించిరి గాని మేము అట్లు అనజాలము. కేరీ గారు ఏడేండ్ల ఫెలిక్స్‌ను మాత్రము తీసికొని బయలుదేరెను. అనుమతి పత్రములు లేనందున ఆ ప్రయాణము ఆగిపోయెను. ఈ లోపల బిడ్డ పుట్టెను. కేరీ గారు తిరిగి వచ్చి మరల బతిమాలగా, తన చెల్లెలు కిట్టి తోడుగా వచ్చినయెడల వచ్చెదనని డొరొతమ్మ ఒప్పుకొనెను. చంటిబిడ్డయైన జాబెజ్‌ను ఎత్తుకొని 1793 జూన్‌లో ఓడ ఎక్కి, నవంబరులో కలకత్తా చేరెను.

చెల్లెలు కావలెనని ఆమె అడిగినది ఎంత న్యాయమైన కోరికయో తరువాత తెలిసెను. మొదటి నెలలు మిక్కిలి లేమితో గడచెను. సుందరవనముల దగ్గర అడవి ప్రాంతమున కొంతకాలము తలదాచుకొనిరి. అక్కడ వారికి ఆశ్రయమిచ్చిన దొరగారిని కిట్టి వివాహమాడి అక్కడనే నిలిచిపోయెను. కేరీ గారికి ఉత్తర బెంగాలులోని మదనాబాటిలో నీలిమందు కర్మాగారములో నెలకు 200 రూపాయల ఉద్యోగము దొరకెను. కడుపుకు కూడు దొరకెను గాని డొరొతమ్మకు తోడు పోయెను. అదే 1794లో అయిదేండ్ల పీటర్ విరేచనముల వ్యాధితో చనిపోయెను. తండ్రి తానే జ్వరముతో నీరసించియుండెను. కులభయము చేత పెట్టె చేయుటకు, గుంట త్రవ్వుటకు, బిడ్డను మోయుటకు మనుష్యులు సులువుగా దొరకలేదు.

ఆ దుఃఖము తరువాత డొరొతమ్మకు మతి చలించెను. 1796లో జోనాథన్ పుట్టెను గాని తల్లి బాగుపడలేదు. 1807లో ఆమె చనిపోవువరకు, సుమారు పండ్రెండేండ్లు, ఆ ఇంటిలో అదే స్థితి. కేరీ గారు పగలు కర్మాగారమును చూచుకొనుచు, గ్రామములలో ప్రకటించుచు, బెంగాలీ లేఖనములను తర్జుమా చేయుచుండెను. ప్రక్క గదిలో భార్య కేకలు వేయుచుండగా ఈ గదిలో ఆయన వ్రాయుచు కూర్చుండెనని ఆయన తోటివారు వ్రాసియుంచిరి. ఆ సహనమును మేము తక్కువ చేయము. అయితే మగపిల్లలు నలుగురు ఆ రెండు గదులకు నడుమ పెరుగుచుండిరి. తల్లి చూడలేదు, తండ్రికి తీరికలేదు.

1799లో మార్ష్‌మన్ దంపతులును, విలియం వార్డ్ గారును ఇంగ్లాండు నుండి వచ్చిరి. 1800 జనవరిలో కేరీ గారు కుటుంబముతో సేరంపూరు చేరి వారితో కలిసెను. అప్పటికి ఫెలిక్స్ పదునాలుగేండ్లవాడు, జోనాథన్ నాలుగేండ్లవాడు. హన్నా మార్ష్‌మన్ గారు ఆ పిల్లలను చూచి దిగులుపడెను. వారికి నడవడి లేదు, చదువు లేదు, మాట వినుట లేదు. తండ్రికి ఆ కీడు కనబడుచున్నది, ఆయన దుఃఖించుచున్నాడు; అయితే దిద్దుటకు చేతకాని మెత్తనివాడు అని ఆమె గ్రహించెను. ఇరువది భాషలకు పైగా లేఖనములు అచ్చువేయు పనికి నాయకుడైన వానికి నలుగురు పిల్లలను అదుపులో పెట్టుట చేతకాలేదు. ఇది చదివినప్పుడు మాకు ఏలీ యాజకుడు జ్ఞాపకము వచ్చెను. ఏలీయు చెడ్డవాడు కాడు. కుమారులు చేయునది అతనికి తెలిసియుండెను, అడ్డగింపలేదు.

అయితే కేరీ గారి ఇంటి కథ ఏలీ ఇంటి కథవలె ముగియలేదు. దానికి కారణము పొరుగువారే.

హన్నమ్మ ఆ సంగతి చూచి వెనుక మాటలాడి ఊరకుండలేదు. తనకును చిన్నబిడ్డలుండిరి, నడుపుటకు పాఠశాల యుండెను. అయినను ఆ పిల్లలను తన బిడ్డలతోపాటు చూచుకొనెను. వార్డ్ గారు అప్పటికి పెండ్లికానివాడు. వృత్తిచేత ముద్రాపకుడు. ఆయన పెద్దవారైన ఫెలిక్స్‌ను, విలియంను దగ్గరకు తీసి, ముద్రాక్షరశాలలో అక్షరములు కూర్చు పని నేర్పి, వారితో మాటలాడి, వారితో ప్రార్థించెను. తండ్రి పనికి బయట నిలిచియున్న పిల్లలు ఆ విధముగా ఆ పని లోపలికి వచ్చిరి. సేరంపూరులో అందరికి భోజనపు బల్ల ఒక్కటే, సంపాదన అంతయు ఒకే పెట్టెలో పడెడిది. శనివారపు సాయంకాలము అందరు కూడి, ఎవరికి ఎవరిమీద నొప్పి కలిగినను అక్కడనే తీర్చుకొనెడివారు. అట్టి బల్ల యొద్ద ఆ పిల్లలకు స్థలము దొరకెను.

1800 డిసెంబరు 28న హుగ్లీ నదిలో కేరీ గారు ఇద్దరికి బాప్తిస్మమిచ్చెను. ఒకడు కృష్ణపాల్ అను వడ్రంగి, రెండవవాడు సొంత కుమారుడైన ఫెలిక్స్. ఒక్క ఏడు గడువకమునుపే ఆ అల్లరి పిల్లవాడు నీటిలో తండ్రి ప్రక్కన నిలువబడెను. ఆ వేళ తల్లి మతిలేక గదిలో నుండెను. సంతోషమును దుఃఖమును ఒకే దినమున ఆ ఇంటికి వచ్చెను.

ఆ మరుసటి ఏట కేరీ గారికి కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో ఉపాధ్యాయ పదవి దొరకెను. వారములో కొన్ని దినములు అక్కడనే యుండవలసి వచ్చెను. పని తగ్గలేదు, ఇంకను పెరిగెను. అయినను పిల్లలు మరల దిక్కులేనివారు కాలేదు, ఏలయనగా వారి భారము పంచుకొనువారు ఇంటనే యుండిరి. తరువాత రెండవవాడైన విలియం బెంగాలులోని కట్వాలో సేవచేసెను. న్యాయవాద వృత్తి నేర్చుకొనుచు విశ్వాసమునకు దూరముగానున్న జాబెజ్ కొరకు 1812లో లండనులో కూడిన సభవారు మౌనముగా ప్రార్థించిరి. ఎరుగని ఊరివారు ఎరుగని పిల్లవాని కొరకు ప్రార్థించిరి. 1814లో ఆ జాబెజ్ సువార్తికుడై దూరపు అంబోయినా దీవికి వెళ్లెను. జోనాథన్ కలకత్తాలో న్యాయవాదిగా స్థిరపడెను.

ఫెలిక్స్ సంగతి వేరు. అతడు 1807లో బర్మాకు వెళ్లెను. 1814లో ఐరావతి నదిలో పడవ మునిగి అతని భార్యయు పిల్లలును చనిపోయిరి. తరువాత అతడు బర్మా రాజు కొలువులో చేరి, అదియు చెడి, కొన్ని ఏండ్లు తిరుగులాడెను. తండ్రి మనస్సు ఎంత క్రుంగెనో చెప్పజాలము. 1818లో చిట్టగాంగులో అతనిని కలిసికొని, నచ్చజెప్పి, సేరంపూరుకు మరలించినవాడు మరి ఎవరో కాదు, వార్డ్ గారే. పదునాలుగేండ్ల పిల్లవానికి అక్షరములు కూర్చుట నేర్పిన ఆ చేతులే ముప్పది దాటిన మనిషిని ఇంటికి తెచ్చెను. ఫెలిక్స్ అటు తరువాత తండ్రి యొద్దనే యుండి, బెంగాలీలో శరీర శాస్త్రమును గూర్చి గ్రంథము వ్రాసి, 1822లో చనిపోయెను. మరుసటి ఏట వార్డ్ గారును కలరాతో ప్రభువునందు నిద్రించిరి. కేరీ గారు 1834 వరకు జీవించెను.

ప్రియులారా, ఈ కథలో డొరొతమ్మకు జరిగిన నష్టము మరల పూడలేదు. దానిని మేము కప్పిపుచ్చము. చెల్లెలు దూరమైనప్పుడు ఆమె ప్రక్కన ఒక హన్నమ్మ యుండినయెడల ఎట్లుండెడిదో అని తలంచుచుందుము. ఆమెకు సహాయము ఆరేండ్లు ఆలస్యముగా వచ్చెను. పిల్లలకు మాత్రము వేళకు అందెను.

మన గ్రామముల సంగతి ఆలోచించుడి. నాట్ల దినములలో తల్లి తెల్లవారకమునుపే పొలమునకు పోవును. గట్టుమీది చెట్టుకు ఉయ్యాల కట్టి చంటిబిడ్డను పండబెట్టి, బిడ్డ ఏడ్చినపుడెల్ల చెవి అటు, చెయ్యి ఇటు పెట్టి పని చేయును. ఇంకొక ఇంట ఎనిమిదేండ్ల ఆడపిల్ల బడి మాని తమ్ముని ఎత్తుకొని తిరుగును. సాయంకాలము పొలము నుండి భార్యాభర్తలిద్దరు వత్తురు. ఆమె పొయ్యి దగ్గరకు పోవును, ఆయన రచ్చబండ దగ్గరకు పోవును. పిల్లలను పెంచుట ఆడదాని పని అని అనుకొనుట మనకు అలవాటైపోయెను. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో ఇంట కూర్చుండునప్పుడును, త్రోవను నడుచునప్పుడును బిడ్డలతో మాటలాడవలెనన్న ఆజ్ఞ తండ్రులకును చెందును.

కాబట్టి మూడు సంగతులు మనవి చేయుచున్నాము. తండ్రులారా, పని మానుడని చెప్పుట లేదు. పని లేనిదే కూడు లేదు. వీలైనంత మట్టుకు పిల్లలను పనిదగ్గరకు చేరనీయుడి. ఎడ్లకు నీళ్లు పెట్టునప్పుడు, పలుపు పేనునప్పుడు ప్రక్కన కూర్చుండబెట్టుకొని మాటలాడుడి. తల్లులారా, సహాయము అడుగుటకు సిగ్గుపడకుడి. డొరొతమ్మ చెల్లెలిని అడిగినది బలహీనత కాదు. సంఘస్థులారా, పొరుగింటి పిల్లవాడు చెడుచున్నట్టు కనబడినప్పుడు బావి దగ్గర చెప్పుకొనుటకు ముందు ఆ పిల్లవానికి ఒక పూట అన్నము పెట్టి, ఒక పని నేర్పుడి. పిల్లలు లేనివారును, పెండ్లికానివారును ఈ సేవకు బయటివారు కారని వార్డ్ గారు చూపించిరి.

మా సంగతి కూడ చెప్పి ముగింతుము. ఆ వేసవి తరువాత సంఘ పెద్దలతో మాటలాడితిమి. కూటములలో కొన్నిటిని వారే నడుపుటకు ఒప్పుకొనిరి. వారమునకు రెండు సాయంకాలములు దీపము పెట్టువేళకు మేము ఇంటనుందుము. దగ్గర గ్రామములకు పోవునప్పుడు చిన్నవానిని సైకిలు ముందు కూర్చుండబెట్టుకొని తీసికొనిపోవుచున్నాము. వాడు ప్రసంగము నడుమ నిద్రపోవును, కొన్నిసార్లు ఏడ్చును. అయినను ఇప్పుడు వాడు గొడుగు తెచ్చినప్పుడు మమ్మును సాగనంపుటకు తెచ్చుట లేదు; తానును వచ్చెదనని తెచ్చుచున్నాడు.

మోషే భారమును పంచిన దేవుడు మన ఇండ్లలోని తల్లుల భారమును, తండ్రుల భారమును పంచుకొను సహోదరులను మన సంఘములలో లేపును గాక. ఆమేన్.