చిన్న కారుకు పెద్ద బలం.. 'తేలు' గుర్తుతో దుమ్మురేపిన కార్లో అబార్త్

నలుగురు కూర్చుంటే చాలు, ఎత్తు ఎక్కలేక మూలిగే చిన్న కారు. అలాంటి ఇంజిన్లకు ప్రాణం పోసిన మనిషి కార్లో అబార్త్.

1908లో వియన్నాలో పుట్టారు. వృశ్చిక రాశి. అందుకే కంపెనీ గుర్తు తేలు! ముందు బైక్ రేసర్. 1934లో సైడ్‌కార్ బైక్‌పై ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతోనే పోటీపడి గెలిచారు. ఆ తర్వాత యుగోస్లావియాలో ఘోర ప్రమాదం. రేసింగ్‌కు బ్రేక్ పడింది కానీ మనిషి ఆగలేదు. 1949లో ఇటలీలో సొంత కంపెనీ పెట్టి సైలెన్సర్లతో పేరు తెచ్చుకున్నారు.

అసలు మ్యాజిక్ 1963లో! ఫియట్ 500 అంటే సుమారు 18 హార్స్‌పవర్ బండి. అబార్త్ సిలిండర్లను వెడల్పు చేసి 499 సీసీని 594కి పెంచారు. కంప్రెషన్ పెంచి, కార్బురేటర్ మార్చారు. పవర్ 27కి చేరింది. తక్కువ స్పీడ్‌లోనూ లాగుడు పెరిగింది. ఇలాంటి సామాన్లను పెట్టెల్లో కిట్లుగా అమ్మడంతో మామూలు జనానికీ ఆ జోరు అందింది.

1965లో రికార్డు కారులో పట్టడం లేదని యాపిల్స్ తిని 30 కిలోలు తగ్గారు. మోంజాలో రికార్డు కొట్టారు. 1971లో కంపెనీని ఫియట్‌కు అమ్మేశారు. 1979లో కన్నుమూశారు. ఆ తేలు మాత్రం ఇంకా రోడ్లపైనే ఉంది.