రంగు ఆలస్యమైందని పారబోయలేదు

ఉదయగిరిలోనో, ఆత్మకూరులోనో కూర్చుని ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు ప్రిపేర్ అవుతున్నారా? అయితే ప్రాక్టికల్ రికార్డులో ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ రాసే ఉంటారు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పరీక్ష అది. ఆ సుబ్బారావు మన తెలుగాయనే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా చిన్నదైన ఎల్‌ఎంఎస్. 1922లో మామగారి సాయంతో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేస్తూ హార్వర్డ్‌లో నిలదొక్కుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. అసలు కథ ఆ తర్వాతే. కండరం నుంచి తీసిన ద్రవంతో పరీక్ష చేస్తే, రావాల్సిన టైముకి రంగు పూర్తిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. మనమైతే రియేజెంట్ పాడైందనుకుని పారబోస్తాం (నేనైతే కచ్చితంగా!). వాళ్లు ఆరా తీశారు. కండరంలో కొంత ఫాస్ఫరస్ క్రియాటిన్‌తో అతుక్కుని ఉంది. పరీక్షలో వాడే ఆమ్లం తగిలితే అది మెల్లగా విడిపోయి, ముందే విడిగా ఉన్నదాంతో కలిసిపోతోంది. అంటే అప్పటిదాకా అందరూ కొలిచిన విడి ఫాస్ఫరస్ అంకె ఉన్నదానికన్నా ఎక్కువే అన్నమాట. ఆ కొత్త పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు.

ఇక్కడ కాస్త ఆగండి. చెయ్యి వణికి వచ్చే తప్పు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. నాలుగుసార్లు చేసి సగటు తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఎప్పుడూ ఒకే వైపు లాగే తప్పును బయాస్ అంటారు. వందసార్లు చేసినా అది పోదు. పైగా రీడింగులన్నీ ఒకేలా వచ్చి మనల్ని నమ్మిస్తుంది! బ్లాంక్ ట్యూబ్, స్టాండర్డ్ ట్యూబ్ పెట్టేది దీన్ని పట్టుకోవడానికే. కానీ తప్పు శాంపిల్‌లోనే ఉంటే అవీ పట్టుకోలేవు. ఉదయగిరి దగ్గర క్యాంపులో తీసిన రక్తం, సీరం వేరు చేయకుండా ఎండలో ఆత్మకూరు చేరిందనుకోండి. కణాల్లోని ఫాస్ఫరస్ బయటికొచ్చి అంకె పెరుగుతుంది. కిడ్నీ రోగికి అక్కర్లేని మందు పడుతుంది.

సుబ్బారావుకు హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ ఆయన నడిపిన బృందాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే పోయారు. 1922లో వెళ్లినాయన మళ్లీ ఇండియాకు రానేలేదు.