ప్లాస్టిక్ గదిలో పన్నెండేళ్లు

హాస్టల్లో చేరిన మొదటి రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడవనివాళ్లు మనలో ఎంతమంది? అయినా పండక్కి ఇంటికి వెళ్తే అమ్మ తల నిమిరేది. పన్నెండేళ్లపాటు ఆ స్పర్శకే నోచుకోని బాలుడు డేవిడ్ వెట్టర్.

డేవిడ్ 1971 సెప్టెంబర్ 21న అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టాడు. అతనికంటే ముందు పుట్టిన అన్న ఏడు నెలలకే చనిపోయాడు. ఇంకో మగబిడ్డ పుడితే అదే జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం ఉందని డాక్టర్లు ముందే చెప్పారు. అందుకే పుట్టిన క్షణాల్లోనే డేవిడ్‌ను సూక్ష్మజీవులు చొరబడని ప్లాస్టిక్ గదిలో ఉంచారు. తిండి, బట్టలు, బొమ్మలు అన్నీ శుద్ధి చేశాకే లోపలికి వెళ్లేవి. కన్నతల్లి కూడా గోడకు అమర్చిన రబ్బరు తొడుగుల్లోంచే బిడ్డను తాకేది. 1977లో నాసా అతని కోసం అంతరిక్ష యాత్రికుల దుస్తుల్లాంటిది తయారుచేసింది. అది తొడుక్కున్న కొడుకును తల్లి మొదటిసారి చేతుల్లోకి తీసుకుంది.

ఇంతకీ ఆ జబ్బు ఏమిటి? మన ఒంటిని కాపాడే తెల్లరక్త కణాల్లో టి కణాలు ముఖ్యమైనవి. ఎముకల మూలుగలో పుట్టిన కణాలు థైమస్ గ్రంథికి చేరి అక్కడ టి కణాలుగా ఎదుగుతాయి. ఎదగమనే రసాయన సంకేతాన్ని అందుకోవడానికి కణం పైపొర మీద ఒక గ్రాహకం ఉండాలి. దాన్ని తయారుచేసే జన్యువులో ఉత్పరివర్తనం జరిగితే సంకేతం అందదు, టి కణాలు ఎదగవు. బి కణాలు ఉన్నా సరిగా పనిచేయలేవు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడపిల్లలకు రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లలకు ఉన్నది ఒక్కటే.

1983 అక్టోబర్‌లో డేవిడ్‌కు అతని అక్క మూలుగ ఎక్కించారు. అందులో నిద్రాణంగా ఉన్న ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను అప్పటి పరీక్షలు పట్టుకోలేకపోయాయి. ఎదిరించే కణాలు లేని ఒంట్లో అది క్యాన్సర్‌కు దారితీసింది. 1984 ఫిబ్రవరిలో అతన్ని గది బయటికి తెచ్చారు. తల్లి మొదటిసారి ఒట్టి చేతులతో కొడుకును తాకింది. ఫిబ్రవరి 22న డేవిడ్ కన్నుమూశాడు.

ఈ జబ్బుకు మూలమైన జన్యువును 1993లో గుర్తించారు. 2018 చివరికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లో పుట్టిన బిడ్డల రక్తపు చుక్కతో ఈ జబ్బును వెతకడం మొదలైంది. మొదటి మూడున్నర నెలల్లోపే మూలుగ మార్పిడి జరిగిన పిల్లల్లో 90 శాతానికి పైగా బతుకుతున్నారు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. వరుసగా పసిబిడ్డలు పోతే తల్లి జాతకాన్ని తిట్టడం మేమూ చూశాం, చదువుకునేదాకా నిజమనే నమ్మాం. జన్యువులో ఒక్క అక్షరం మారడం ఎవరి పాపమూ కాదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఈ మాట మీ వాడలో చెప్పండి. మాటిమాటికీ తీవ్రంగా జబ్బు పడే పసిబిడ్డ ఉంటే, తాయెత్తు కట్టకముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనండి.